అడుగు అరలోని గ్రాఫులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. కల్పన మామ ఆంజనప్ప, అత్త కుళ్ళాయమ్మ, మామను కన్న రామలక్ష్మమ్మ అవ్వ, పొద్దున్నే వచ్చి నడవాలో చతికిలబడిన నేతగాడు పోతులయ్య, ఐదో మనిషి కల్పన. మామ కొడుకు ఉదయ్ కుమార్ లేడు. తెల్లవారకముందే ఫ్యాక్టరీ బస్సెక్కి పెనుకొండ పోయాడు; సాయంత్రం అటునుంచి అటే పని మీద ఊరెళ్ళి, మర్నాడు మధ్యాహ్నానికి గాని ఇంటికి రాడు.

వీధిలో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. పోతులయ్య మగ్గం ఒక్కటే ఆడటం లేదు. ధర్మవరంలో పుట్టి పెరిగిన వాళ్ళకు ఏ ఇంటి మగ్గం ఆగిందో చెవులే చెబుతాయి. సందు చివర ఆ చప్పుడు లేని చోటు, పన్ను ఊడిన చోటులా తెలుస్తూనే ఉంది.

"నిన్న మాపటేళ మెరిసింది చూడన్నా, చినుకు రాల్లేదు గాని ఒక్క మెరుపు. కరెంటు ఎగిరొచ్చి డబ్బా టప్పుమన్యాది," అన్నాడు పోతులయ్య.

డబ్బా అంటే మగ్గం నెత్తిన కూర్చుని, ఏ దారం లేవాలో ఏ దారం పడుకోవాలో చెప్పే యంత్రం. ఒకప్పుడు ఆ పని చిల్లులు పొడిచిన అట్టలు చేసేవి. హిందూపురం మెకానిక్ రాత్రికి రాత్రే కొత్త డబ్బా తెచ్చి బిగించాడు. కానీ దాని కడుపులో ఏమీ లేదు. డిజైను మళ్ళీ ఎక్కించాలి.

"నాలుగు చీరల పడుగులో మూడు దిగినాయి. నాలుగోది ఒళ్ళంతా అయిపోయినాది, కొంగొక్కటే ఉండాది. రేపు మాపటికి హిందూపురం పార్టీ వస్తాంది. కొంగు లేని చీరిస్తే పెండ్లికూతురు నెత్తిన ఏం కప్పుకుంటాది, నా తువ్వాలా?"

"నీ తువ్వాల కప్పుకుంటే పెండ్లికొడుకు పీటల మింద నుంచే లేచి పోతాడు," అంది అవ్వ.

మామ నవ్వాడు. "కల్పనా, పోయి ఆ లత కొంగు పెన్‌డ్రైవులో ఏసియ్యి తల్లీ. రెండు నిమిషాల పని." ఆయన ఆ మాట అన్నది కల్పన ఉన్న వైపు కాదు, ఉందనుకున్న వైపు.

చక్కెర జబ్బు మామ కళ్ళను రెండేళ్ళుగా తినేస్తోంది. సూదులు వేశారు, లేజరు పెట్టారు. ఇప్పుడు ఆయనకు వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే. గడికో దారం చొప్పున ముప్పై ఏళ్ళు గ్రాఫు కాగితం మీద వంగి గీసిన మనిషి. లేపాక్షి స్తంభాల మీది లతలను నెలరోజులు నిలబడి చూసొచ్చి గీసిన కొంగు ఆయన గీసిన చివరి వాటిలో ఒకటి. ఇక గీయలేడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. గీసినవి మొత్తం రెండువేల ఎనిమిదివందల నలభై ఆరు. ఆయనకంటూ ఈ లోకంలో మిగిలినవి అవే.

కాగితాలుగా కూడా మిగల్లేదు. పోయినేడు అటక మీది ట్రంకు పెట్టెలకు చెదలు పట్టింది. ఉదయ్ ఒక్కొక్కటే దులిపి, స్కాన్ చేసి, ఇంటర్నెట్‌లో క్లౌడ్ స్టోరేజి తీసుకుని అందులో పెట్టాడు. పొడిపొడి అయిన కాగితాలను పెరట్లో కాల్చారు. మంట ఆరేదాకా మామ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొగ కళ్ళకు మంచిది కాదని అత్త ఎంత చెప్పినా లేవలేదు.

"మబ్బులో పెట్టినారంట," అని అప్పట్లో అవ్వ దెప్పింది. "మబ్బును నమ్ముకొని ఈ సీమలో ఎవుడు బాగుపడినాడో చెప్పండి చూద్దాం."

కల్పన గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. తలుపుల మండలంలోని ఒక పల్లెటూరి బడిలో పదో తరగతి చదివి, ఇంటర్ కోసం మేనమామ ఇంటికొచ్చిన పిల్ల. నోట్లో నాలుక లేదు. క్లాసులో పేరు పిలిస్తే పలకడానికే చెమటలు పట్టేవి. కానీ ఈ గదిలో ఎవరితోనూ మాట్లాడే పని లేదు. మామ డిజైను నంబరు చెబుతాడు, ఆమె తీసి పెన్‌డ్రైవులో వేస్తుంది. నేతగాడు దాన్ని డబ్బాకు ఎక్కించుకుని ఆ రోజే తెచ్చి ఇవ్వాలి. అతని కళ్ళ ముందే కల్పన అందులోది చెరిపి, ఖాళీ చూపించాలి. ఇది ఆ ఇంటి కట్టుబాటు. కంప్యూటర్‌లో కూడా ఒక్క డిజైను ఉంచకూడదు.

ఆ కట్టుబాటు ఊరికే రాలేదు. మూడేళ్ళ కింద తిమ్మరాజు అని ఒకడు ఈ గదిలో పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం, ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా, అప్పటికి కంప్యూటర్‌లోకి ఎక్కించిన డిజైన్లన్నీ ఒకే ఊపులో దించుకుని పోయాడు. నెల తిరక్కుండా మామ గీసిన లతలూ ఏనుగులూ పవర్‌లూమ్ చీరల మీద సంతల్లో వేలాడాయి. అప్పటినుంచి మామ చెప్పినట్టు ఉదయ్ అన్నిటికీ బీగాలు పెట్టాడు. స్టోరేజి ఈ ఒక్క కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుంది. ఏ ఏర్పాటు మార్చాలన్నా ఉదయ్ ఫోనుకు ఆరంకెల కోడు వస్తుంది. పది నిమిషాలే దాని ఆయుష్షు.

కల్పన 2831 అని కొట్టింది. లత కొంగు వచ్చింది. కానీ పేరు పక్కన బూడిదరంగు గుర్తు ఒకటి ఉంది. తెరవమంటే తెరుచుకోలేదు. ఫైలు అడుగు అరలో ఉంది, బయటికి తీయడానికి పన్నెండు గంటలు పడుతుంది అని చూపించింది.

ఆమె ఆ గుర్తు మీద ఇంకోసారి నొక్కి చూసింది.

అడుగు అర అన్న పేరు ఉదయ్ బావ పెట్టింది. మూడు నెలల కింద స్టోరేజి నిండిపోతోందని వరుసగా మెసేజీలు వచ్చాయి. వంద జీబీ వరకే హద్దు. అది దాటితే కొత్తగా ఒక్క ఫైలు కూడా తీసుకోదు. ఒక ఆదివారం ఉదయ్ అన్నం తింటూనే పాఠం చెప్పాడు. "చూడు కల్పనా, దాంట్లో అరలుంటాయి. పై అరలోది పిలిస్తే పలుకుతాది. అడుగు అరలోది పిలిస్తే రేపు పలుకుతాది. పై అరకు హద్దుండాది, అడుగు అరలో ఎంతైనా కుక్కచ్చు. వాడని వాటిని అడుక్కు తోసెయ్యి. అరవై దినాలు ఎవురూ ముట్టనివి వాటంతటవే దిగిపోయేట్ల రూల్ పెట్టు." కోడు చదివి చెప్పి, చెయ్యి కడుక్కుని క్రికెట్‌కు వెళ్ళిపోయాడు. కల్పన ఒక్కతే కూర్చుని రూల్ పెట్టింది. మర్నాటికి పై అర ఖాళీ అయింది. తొలి రాత్రే దాదాపు రెండువేల ఎనిమిదివందలు కిందికి దిగాయి. మెసేజీలు ఆగిపోయాయి. "పనిమంతురాలు," అని మామ మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆమెకు అర్థమైంది. మగ్గం ఒకసారి డిజైను మింగితే నాలుగు చీరలు దిగేదాకా మళ్ళీ అడగదు. రెండు నెలలు, మూడు నెలలు. అంటే పోతులయ్య మగ్గం మీద రాత్రింబగళ్ళు ఆడుతున్న డిజైనే, స్టోరేజి కంటికి అరవై రోజులుగా ఎవరూ ముట్టని పాత సరుకు. వాడుకలో ఉన్నదాన్నే ఏరి మరీ అడుక్కు తోసింది రూల్. ఈ వీధిలో ఏ నేతగాడిని అడిగినా చెప్పేవాడు. కల్పన అడగలేదు. అడగడమంటేనే ఆమెకు భయం.

పోనీ, పన్నెండు గంటలే కదా అనుకుంది. రాత్రికి వస్తుంది, తెల్లారేసరికి పోతులయ్య కూర్చుంటే సాయంత్రానికి కొంగు దిగుతుంది. ఇలాంటిది మళ్ళీ జరక్కుండా ఆ అరవైని ఎంత చేయాలో చూద్దామని రూల్ పేజీ తెరిచింది.

అరవై కింద ఇంకో గడి ఉంది. అందులో తొంభై అని ఉంది.

అది తను నింపిన అంకే. ఊళ్ళో బడిలో స్కాలర్‌షిప్ ఫారాలు నింపించేటప్పుడు సారు బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ చెప్పేవాడు: ఒక్క గడి ఖాళీ వదిలినా ఫారం వెనక్కి కొడతారు, మళ్ళీ మీ నాయన పని మానుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. ఒక ఏడు కల్పన ఫారం అలాగే తిరిగొచ్చింది. అప్పటినుంచి ఏ ఫారం కనిపించినా ఆమె చెయ్యి గడి ఖాళీ వదలదు. ఆ ఆదివారం కూడా కింది గడిలో ఏం అడుగుతున్నారో సరిగా చదవకుండానే, మీద అరవై ఉంది కదా అని, కింద తొంభై రాసింది.

ఇప్పుడు చదివింది. ఒకసారి కాదు, వేలు పెట్టి మూడుసార్లు. అడుగు అరలోకి చేరిన తొంభై రోజులకు ఫైలు శాశ్వతంగా చెరిగిపోతుంది. దాని పక్కన తర్వాతి తేదీ: రేపు, ఉదయం ఐదున్నర. ఫైళ్ళ సంఖ్య: 2,793.

బయట మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. రేపు పొద్దున మామ లేచి కాఫీ తాగే వేళకు, ఆయన ముప్పై ఏళ్ళూ ఉండవు. దొంగ రాడు, చెద రాదు, మంట లేవదు. ఎవరి చెయ్యీ కదలకుండానే పోతాయి.

ఆ గడిలో అంకె చెరిపింది. కోడు అడిగింది. కోడు ఉదయ్ ఫోనుకు పోయింది. వంటింట్లో అత్త ఫోను తీసుకుని చేస్తే మోగింది, మోగి ఆగిపోయింది. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి లోపలికి పోతారు. ఐదు దాకా అంతే.

"ఎవురికే ఫోను?" అంది అత్త, పోపు వేస్తూ.

"బావకు."

"వాడు పనిలో ఉంటాడు గదా. ఏం కావల్ల?"

చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే అత్త మామతో అంటుంది. మామ మొహం ఎలా మారుతుందో తలుచుకోగానే ఆ మాట మింగేసింది. సాయంత్రం ఐదుకు కోడు తీసుకుని గడి ఖాళీ చేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియనక్కరలేదు. "ఏంల్యా అత్తా, కంప్యూటర్ సంగతి," అంది.

తిరిగొచ్చి కూర్చుంది కానీ ఊరికే ఉండలేకపోయింది. అన్నిటినీ ఇప్పుడే పైకి లాగేస్తే? ఒకటి నుంచి రెండువేల ఎనిమిదివందల నలభై ఆరు దాకా అన్నిటికీ గుర్తు పెట్టి, బయటికి తియ్యి అని నొక్కింది. చక్రం తిరిగింది. తిరిగి, మూడువందల దగ్గర ఆగింది. ఒక రోజుకు తీయగలిగిన హద్దు అయిపోయింది, ఇరవైనాలుగు గంటల తర్వాత రండి అని వచ్చింది.

మొదటి మూడువందలూ మామ కుర్రతనంలో గీసినవి. 2831 వాటిలో లేదు. దాన్ని విడిగా అడిగి చూసింది. అదే మాట. ఒక్కటంటే ఒక్కటి అడిగి ఉంటే రాత్రికి వచ్చేది. ఆ దారి తన చేత్తోనే మూసుకుంది.

"ఏం పాపా, మబ్బులోంచి దిగిందా మా కొంగు?" అని పోతులయ్య గడప దగ్గర నిలబడ్డాడు. గదిలోకి పరాయివాళ్ళు అడుగు పెట్టరు. అదీ కట్టుబాటే.

"రాదంటాంది చిన్నాయనా."

"రాదా? యాడికి పోయినాది?"

"ఈడనే ఉండాది. అడుగున ఉండాది. అన్నీ ఒకేసారి తియ్యబోయినా. హద్దు దాటిందంట. రేపు దాకా ఏమీ ఇయ్యదంట."

అతను చెడ్డవాడు కాదు. తల గోక్కుని, "సరేలే, భయపడాకు, రేపు పొద్దున చూద్దాం. హిందూపురమోళ్ళకు ఒక పూట ఓర్చుకోమని చెప్తా," అన్నాడు. అన్నవాడు అన్నట్టే వెళ్ళిపోయినా బాగుండేది. ఇంటికి పోయి ఖాళీ మగ్గం చూస్తూ కూర్చోలేక, నాలుగున్నరకు మళ్ళీ వచ్చాడు. వచ్చి మామ పక్కన కూర్చున్నాడు.

కల్పన గోడ వారగా అత్త ఫోను పట్టుకుని నిలబడి ఉంది. గడియారం వంకే చూస్తోంది.

"కొంగు రేపంట గదన్నా," అన్నాడు పోతులయ్య.

"రేపేంది? పొద్దున్నే ఏసియ్యమంటి గదా."

"పాప అన్నీ ఒకేసారి తియ్యబోయిందంట. దానికి బిగుసుకున్యాదంట ఆ మిషను."

మామ చేతిలోని గ్లాసు ఆగిపోయింది. "అన్నీ అంటే?"

"అన్నీనంట. రెండువేల చిల్లరా."

మామ గ్లాసును నేల మీద పెట్టబోయి, నేల ఎక్కడుందో వేళ్ళతో తడుముకుని, నెమ్మదిగా పెట్టాడు.

"కల్పనా."

"మామా."

"నేనడిగింది ఒకటి. నువ్వు తీసింది అన్నీ. ఎందుకు?"

కల్పన ఎక్కడ మొదలు పెట్టాలి? మెసేజీల నుంచా, అరల నుంచా, స్కాలర్‌షిప్ ఫారం నుంచా? ఏ కొసన పట్టుకున్నా చివరికి రేపు ఐదున్నర దగ్గరికే వస్తుంది.

"చెప్పు. ఎవురడిగినారు నిన్ను? ఎవురికిద్దామని?"

"ఎవురికీ కాదు మామా..."

"వాడూ అట్లనే అన్యాడు. ఎవురికీ కాదు మామా అని వాడు గూడా నన్ను మామా అనే పిలిచినాడు. అన్నం పెట్టి పని నేర్పిస్తి. మట్టమధ్యాన్నం ఇట్లనే అన్నీ ఒకేసారి తీసినాడు."

"అయ్యో, ఏం మాటలివి? మన రాధ బిడ్డ అది," అంది అత్త. రాధ కల్పన తల్లి.

"రాధ బిడ్డయినా ఎవుడో ఫోను చేసి నాలుగు తీపి మాటలు చెప్తే ఇస్తాది. పొద్దున్నుంచీ ఫోనెందుకు పట్టుకోనుండాది? నాకు కండ్లు లేవని గదా? చెవులుండాయి."

"పోనీ ఆంజనప్పన్నా, పసిపిల్ల..." అని పోతులయ్య లేచాడు. తన మాటే ఇంత పని చేసిందని అతనికి తెలిసింది. కానీ ఎలా సర్దాలో తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఐదూ పది. ఉదయ్.

"ఏమ్మే కల్పనా, పదిసార్లు చేసినావు! కంప్యూటర్ మింద చట్నీ పోసినావా?" బస్సు చప్పుడులో అతని నవ్వు.

"బావా, కోడు," అంది కల్పన గుసగుసగా. "రూల్ మార్చల్ల. అడిగి వస్తా, నువ్వు చదువు, పెట్టెయ్యాకు."

అందరి ముందునుంచీ గదిలోకి పరిగెత్తి, కోడు పంపమని నొక్కి, ఫోను సరిగా వినిపించక మళ్ళీ నడవాలోకి వచ్చింది. ఆ గదిలో ఫోను ఎప్పుడూ అందదు. నడవాలో గుమ్మం పక్కన నిలబడి, పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. నాలుగు, సున్నా, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఏడు. ఉదయ్ ఇంకేదో అడుగుతుండగానే బస్సు ఏ మలుపు తిరిగిందో, మాట తెగిపోయింది.

పది నిమిషాలు. లోపలికి పోయి ఆరంకెలు కొట్టి ఒక గడి ఖాళీ చేయాలి. అంతే.

తిరిగి చూసేసరికి మామ లేచి ఉన్నాడు. గోడ పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ గది దగ్గరికి చేరుకున్నాడు. ముప్పై ఏళ్ళు తిరిగిన దారి, కళ్ళతో పని లేదు. గడప దాటి లోపల నిలబడ్డాడు. ఒక చెయ్యి తలుపు రెక్క మీద ఉంది. వెనక కంప్యూటర్ వెలుగులో ఆయన నల్లటి ఆకారం, అంతకు మించి ఏమీ కనిపించలేదు.

"మామా, ఒక్క నిమిషం," అంది కల్పన. ఆ ఇంటికి వచ్చాక ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. అవ్వ కూడా తల తిప్పి చూసింది. "ఒక్క నిమిషం లోపలికి రానీ మామా. రేపు పొద్దున ఐదున్నరకు..."

"ఐదున్నరకు వాడొస్తాడా?"

"ఎవురూ రారు మామా, అవే పోతాయి, నీ గ్రాఫులు..."

"నా గ్రాఫులు నాకు తెలుసు. అవి యాడికీ పోవు. ఉదయ్ వచ్చేదాకా, ఉదయ్ చెప్పేదాకా, ఈ గదిలోకి ఎవురూ రారు. నేనే కాపలా ఉంటా. తెల్లార్లూ ఉంటా."

కల్పన అరచెయ్యి చాచింది. చెమటకు అంకెలు అలుక్కుపోతున్నాయి. చివరి ఏడు అప్పుడే గీతలా అయిపోయింది. ఆయనకు ఆ చెయ్యి కనిపించలేదు. తన మీదికి వస్తున్న ఒక ఆకారం మాత్రం కనిపించి ఉంటుంది.

ఆయన తలుపు మూసి, లోపల గడియ పెట్టుకున్నాడు.